తడి ఆరేదాకా

ఎప్పుడు దిగాలో అందరికీ తెలుసు, నాకు తప్ప.
పీఎఫ్ కాయితం యాభై ఎనిమిదంది.
మా ఆదిలక్ష్మి, స్లాబు అప్పు తీరాకంది.
కంపెనీ డాక్టరు నా ఊపిరితిత్తుల ఫోటో లైటుకి పెట్టి
ఏమీ అనకుండా ఊరడిగాడు.
"చీమకుర్తి" అన్నాను.
"ఊఁ" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళు క్వారీలో నా పని
సుత్తితో రాయిని పలకరించటం.
నల్ల రాయి, లోపల బంగారు నలుసులు,
ఎవరో చీకట్లో నూకలు ఒలకబోసినట్టు.
మంచి దిమ్మె కంచు చెంబులా ఖంగుమంటది.
లోన దారమంత పగులుంటే
జలుబు చేసిన పిల్లాడిలా పలుకుద్ది.
నేను సుద్దముక్కతో టిక్కు పెడితే
లారీ ఎక్కి కృష్ణపట్నం పోవాల్సిందే.
అడ్డంగీత గీస్తే
ఓనరు కూడా నోరెత్తేవాడు కాదు.

మాఘమాసంలో ఒక బేస్తవారం
ఒక పెద్ద దిమ్మె మీద మూడుసార్లు కొట్టాను.
మూడోసారి మోగింది రాయో, నా చెవో, తెలియలేదు.
పక్కన ఇమాంబాషా ఉన్నాడు, పాతికేళ్ళ కుర్రాడు.
"అబ్బయ్యా, నువ్వొకసారి కొట్టు."
కొట్టాడు.
"పోయింది మామా, లోన పోయింది."
నిజమే. పోయింది.
అప్పటిదాకా ఎవరి చెవినీ నేను అప్పడగలేదు.
క్యారియరు కడుక్కుని ఆఫీసు గదికెళ్ళి
నెలాఖరుకి మానేస్తానన్నాను.
మేనేజరు జాషువా ఫ్యాను ఆపి మరీ విన్నాడు.
కారణం గడిలో ఏం రాయమంటావన్నాడు.
వయసని రాయి. తేలిక.

ఇంట్లో మొదటి నెల
చేతికేది అందితే దాన్ని తట్టాను,
కుండని, కొబ్బరికాయని, కొత్తగా వేసిన బండల్ని.
గచ్చు కింద రెండుచోట్ల బోలు.
మేస్త్రీ మోసం చేశాడు.
"ఇట్టా అయితే మనుషుల్ని కూడా తట్టి చూస్తావు,
ఎక్కడికైనా పో" అంది ఆదిలక్ష్మి.

ఆ ఎక్కడికో ఫోన్లో వచ్చింది.
రామతీర్థం వైపు చిన్న క్వారీ, కొత్త ఓనరు.
"ఒకసారి చూసిపోతారా, ఎంత తీసుకుంటారు?"
నోట మాట రాలేదు.
జీతానికి ఒళ్ళంతా అమ్మాను గానీ
మాటని విడిగా తూకం వెయ్యలేదెప్పుడూ.
ఆదిలక్ష్మి పక్కనించి వేళ్ళు చూపించింది, రెండు.
రెండొందలన్నాను.
ఫోన్ పెట్టాక నెత్తి కొట్టుకుంది,
"రెండు వేలయ్యా సామీ!"

ఒంగోలు ప్రెస్సులో కార్డులు కొట్టించాడు తమ్ముడు.
పేరు కింద ఏం వెయ్యమంటారని అడిగితే
రాళ్ళు తట్టేవాడన్నాను.
మాలకొండయ్య, కన్సల్టెంటు, అని వేశారు.
పంచె కట్టినోడికి టై బిగించినట్టుంది.

ఇప్పుడు రేటు రెండు వేలే, పెట్రోలు వాళ్ళది.
కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింకు తెస్తారు,
మీరు అంటారు.
సుద్దముక్క మాత్రం ఇవ్వరు.

మొన్న నేను వద్దన్న దిమ్మెకి
నా కళ్ళముందే టిక్కు పెట్టి లారీ ఎక్కించారు.
కవరు ఇచ్చారు. లెక్క సరిగ్గానే ఉంది.
వినని మాటక్కూడా అంతే రేటని
ఆ రోజు తెలిసింది.
పగిలే రాయి నాది కాదు గదా,
రాత్రి నిద్ర పట్టింది.
పట్టినందుకు పొద్దున కొంచెం సిగ్గేసింది.

చెవి తగ్గినా నీళ్ళున్నాయి.
దిమ్మె మీద చెంబెడు పోసి కూచుంటా.
ఈ ఎండకి రాయంతా గబగబా ఆరుద్ది,
పగులు మాత్రం ఆరదు,
వెంట్రుకంత తడి అక్కడే నిలబడుద్ది.
కుర్రాళ్ళు ఫోన్లో టైము చూసుకుంటారు.
"ఇంకెంతసేపండీ?"
ఆగండి. ఆరనియ్యండి.
జీతమిచ్చినన్నాళ్ళూ
ఇంతసేపు కూచోనిచ్చారా నన్నెవరైనా?

ఇమాంబాషా మాత్రం పైసా ఇయ్యడు.
అనుమానమొస్తే రాత్రి షిఫ్టులో
ఫోను దిమ్మె మీద పెట్టి సుత్తితో కొడతాడు.
"ఇనపడిందా మామా?"
సగం ఇనపడుద్ది.
మిగతా సగం
వాణ్ణే చెప్పమంటా.